జనగామ నుంచి అడవి తండా దాకా ఒక ఇత్తడి బగోన

చూసినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తే, ఆ రాత వల్ల చూపించినవాళ్లకే కీడు జరిగితే, ఆ పాపం ఎవరిది? చరిత్రలో ఎం.ఏ. చదివే రోజుల నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను జనగామలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఆధారం లేని చరిత్ర పుకారుతో సమానమని ఏటా మొదటి పాఠంలోనే చెబుతాను. ఇంటికొచ్చాక, ఆ ఆధారం కాగితమో శిలాశాసనమో కాక బతికున్న మనిషి అయితే ఎట్లా అని నాలో నేనే కొట్టుకుంటాను. భూపాలపల్లి దాటి గోదావరి దాకా ఉన్న అడవుల్లో పోలీసులకూ, జనం అన్నలని పిలిచే దళాలకూ మధ్య ఏళ్ల తరబడి సాగిన పోరు గురించి చాలామంది రాశారు. ఎవరు ఎవరిని చంపారో అందులో ఉంటుంది. ఆ రెండు తుపాకుల నడుమ ఉన్న ఇళ్లలో పొయ్యి ఎప్పుడు వెలిగింది, దీపం ఎప్పుడు ఆర్పారు, పిల్లలను ఏం చెప్పి పడుకోబెట్టారు అన్నది ఎక్కడా కనబడదు. అది వెళ్లి చూసి రాయాలన్న కోరికే ఈ ప్రయాణానికి మొదలు. అడవి చల్లబడిందని అప్పటికే అందరూ అంటున్నారు. చల్లబడిన పొయ్యిలో చెయ్యి పెట్టి చూసినవాళ్లు మాత్రం నాకెవరూ తగల్లేదు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. అప్పుడు తెలంగాణ రాష్ట్రం కోసం ఊరూరా బందులు, రాస్తారోకోలు. మా కాలేజీకి తాళం పడింది. నా పాత విద్యార్థిని రుక్మిణి మానుకోట సర్కారు దవాఖానలో నర్సు. మహబూబాబాద్‌ను ఇటు అందరూ మానుకోట అనే అంటారు, టికెట్ కిటికీ దగ్గర మాత్రం మహబూబాబాద్ అని అడగండి. రుక్మిణి లంబాడాల అమ్మాయి. ఆమె పెద్దమ్మ కమ్లి ఉండేది భూపాలపల్లి అవతల, అడవి అంచున ఒక తండాలో. కమ్లి కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది, ఇరవై ఒకటో రోజు తొట్టెల చేస్తున్నారు, అంటే పిల్లను మొదటిసారి ఉయ్యాలలో వేసే వేడుక. అందరూ ఒక్కచోట ఉంటారు, మా పెద్దమ్మ మీతో మాట్లాడుతుంది, ఊరికే రండి, ఏమీ తేవద్దు అని రుక్మిణి ఫోన్‌లో చెప్పింది. ఊరికే ఎట్లా వెళ్తాం? బచ్చన్నపేట వైపు భూములున్న కుటుంబం మాది. మా ఇళ్లలో తొలి కాన్పుకు ఇత్తడి పాత్ర పెట్టడం ఆనవాయితీ, పాత్ర ఎంత పెద్దదైతే పెట్టినవాళ్లకు అంత మర్యాద. జనగామ బజారులో ముప్పై మందికి అన్నం ఉడికే ఇత్తడి బగోన ఒకటి కొని, లోపల కళాయి పూయించి, గోనెసంచిలో కట్టించాను. తప్పు అక్కడే మొదలైంది.

పొద్దున ఐదూ నలభైకి రావలసిన ప్యాసింజర్ ఆరున్నరకు వచ్చింది. జనగామ నుంచి మహబూబాబాద్‌కు టికెట్ పాతిక రూపాయల లోపే, మామూలు రోజుల్లో రెండున్నర గంటల ప్రయాణం. కాజీపేటకు ముందే పొలాల మధ్య రైలు ఆగిపోయింది. పట్టాల మీద జనం కూర్చున్నారని ఎవరో అన్నారు. ఎవరూ రాయి వేయకముందే ఆడవాళ్లు ఇనుప కిటికీలు దించేశారు. నలభై నిమిషాల పాటు ఆ చీకటి పెట్టెలో చెమటలు కక్కుతూ, బయట నినాదాలు దగ్గరవుతున్నాయా దూరమవుతున్నాయా అని వింటూ కూర్చున్నాను. ఆ నినాదాలు నావి కూడా. ఊరేగింపుల్లో నేనూ ఇచ్చినవే. అయినా కిటికీ ఇవతల కూర్చుని వింటూ గోనెసంచిని కాళ్ల దగ్గరికి లాక్కున్నాను. అప్పుడే వెనక్కి తిరిగితే బాగుండునని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

మానుకోట చేరేసరికి పది దాటింది. రుక్మిణి యూనిఫాంలోనే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ముందురోజు లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు దవాఖాన నిండా ఉన్నారట, సెలవు రద్దయింది, నాతో రాలేనంది. గోనెసంచి మూతి విప్పి చూసి, మళ్లీ దగ్గరకు లాగింది. 

"మా పెద్దమ్మోళ్లు చిన్నవాటిల్లనే వండుతరు మేడం" అంది. "జర చిన్నది దొర్కలేదా?" 

మొహమాటపడుతోందనుకున్నాను. బీదవాళ్లం, ఇంత పెద్ద కానుక ఎందుకు అంటోందనుకున్నాను. ఫర్వాలేదులే అని ఆమె భుజం తట్టాను కూడా. ఆ తట్టడం గుర్తొస్తే ఇప్పటికీ నా చెయ్యి నాకే బరువనిపిస్తుంది.

బస్సులు లేవు. స్టేషన్ బయట జీపులవాళ్లు అరుస్తున్నారు. గూడూరు, నర్సంపేట, ములుగు, గణపురం మీదుగా భూపాలపల్లి నూట ఇరవై కిలోమీటర్ల పైమాటే. మామూలప్పుడు మనిషికి నూరు తీసుకునే దారికి ఆ రోజు రెండొందలు. రుక్మిణి తెలిసిన డ్రైవర్ సమ్మయ్యను పిలిచి, నన్ను తండా దాకా దించి, మళ్లీ భూపాలపల్లి లాడ్జికి చేర్చేట్టు మాట్లాడింది. దానికి మరో తొమ్మిది వందలు. సమ్మయ్య నా ఈడువాడే. బక్కగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. బగోనను జీపు వెనక ఎక్కిస్తూ, "అక్కా, దీంట్ల ఇద్దర్ని కూసోవెట్టి టికెట్ లేకుంట తీస్కపోవచ్చు" అన్నాడు. తండా పేరు చెప్పగానే నమలడం ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు గాని, గూడూరు దాకా జోకు వేయలేదు. అడిగితే, "గా దిక్కు పొద్దు గూకక ముందే మర్రాలె అక్క. పొద్దు గూకినంక బండి ఎవరిదని అడిగేటోళ్లు రెండు దిక్కుల ఉంటరు" అన్నాడు.

నర్సంపేట దాటాక ఒక కూడలిలో దారి మూసేశారు. రోడ్డు నడిమధ్య మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద కుతకుత ఉడుకుతున్న బగార అన్నం. రాష్ట్రం కోసం ఊళ్లోని జనమంతా రోడ్డు మీదే వండుకుని అక్కడే తినే ఈ వంటావార్పు గురించి మీకు చెప్పనక్కర్లేదు. మూడు నాలుగు వందల మంది ఉంటారు. వండేది ఆడవాళ్లు, కూరగాయలు కోసేది మగవాళ్లు. పక్కనే చెట్టు నీడలో లాఠీలతో పోలీసులు, వాళ్లలో ఒకడు చిన్న కెమెరాతో ముఖాలన్నిటినీ వరసగా తీసుకుంటున్నాడు. కెమెరా నా వైపు తిరిగినప్పుడు తెలియకుండానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. వండుతున్న ఒక అవ్వ మాత్రం గరిటె ఎత్తి చూపిస్తూ, "నన్ను మంచిగ తియ్యి బిడ్డ, పోయినసారి కండ్లు మూసుకపోయినయ్" అని వాడితోనే పరాచికం ఆడింది.

ఆ అవ్వే మా జీపు వెనక గోనెసంచి పసిగట్టింది. "ఏంది మేడం, గంత బగోన పెట్టుకొని ఊరికెనే తిప్పుతున్నవా? మావి సాల్తలెవ్వు, జర ఇయ్యి" అంది. కొత్తదని, కానుకకు తీసుకువెళ్తున్నానని చెప్పాను. "కొత్తదైతే మంచిదే గద. తెలంగాణ అన్నం వండిన బగోన అని చెప్పి ఇయ్యి" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి ఇచ్చాను. నిజం చెప్పాలంటే గర్వంగానే అనిపించింది, నేను మోసుకొచ్చిన పాత్రలో ఉద్యమం ఉడుకుతోందని. గంటన్నర సేపు అక్కడే ఉన్నాం. విస్తళ్లలో వేడివేడిగా పెట్టారు. కెమెరా పోలీసు కూడా ఒక విస్తరి పట్టుకుని పక్కకు వెళ్లి తిన్నాడు. నేను నోటుబుక్కు తీసి, అవ్వ మాటలు, నా బగోనలో ఎంత బియ్యం పోశారు, టైమెంత, అన్నీ రాసుకున్నాను. బగోనను ఇసుకతో తోమి ఇచ్చారు గాని, అడుగున మసి పోలేదు. "మసి ఉండనీ, దిష్టి తగలది" అంది అవ్వ.

భూపాలపల్లి బొగ్గు గనుల ఊరు. మేం చేరేసరికి మూడు. ఉండటానికి రెండు మూడు మామూలు లాడ్జీలున్నాయి, గదికి నాలుగు వందలు, ఒంటరి ఆడమనిషికి వెనకాముందూ ఆలోచించి ఇస్తారు. ఊరి చివర కాళేశ్వరం దారిలో చెక్‌పోస్టు. జీపు నంబరు రాసుకున్నారు, ఎక్కడికన్నారు. తొట్టెలకు అన్నాను. ఒక కానిస్టేబులు గోనెసంచిని లాఠీతో తట్టాడు. లోపలి ఇత్తడి గుడి గంటలా మోగింది. అతను పక్కవాడి వైపు చూశాడంతే. సమ్మయ్య బండి ముందుకు పోనిచ్చాక, అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

పదిహేను కిలోమీటర్లు పోయాక ఎడమ వైపు మట్టిదారి. దారి పొడుగునా ఇప్పపూలు రాలి, మత్తెక్కించే వాసన. తండాకు అర కిలోమీటరు ఇవతల కల్వర్టు కూలిపోయి ఉంది. జీపు అక్కడే ఆపి, సమ్మయ్య బగోనను నెత్తిన పెట్టుకుని నా ముందు నడిచాడు.

తండాలో ముప్పై ఇళ్లుంటాయి. కమ్లి ఇంటి ముందు వాకిలిలో, ఎండబెట్టిన మిరపకాయల పక్కన, బారుగా పదకొండు పొయ్యిలు వెలుగుతున్నాయి. పదకొండింటి మీదా పదకొండు చిన్న గిన్నెలు. నలుగురు తినే ఇంట్లో వాడుకునేంతవి. వందమందికి ఆ చిట్టి గిన్నెల్లో వండుతున్నారు, ఒకటి దించి ఒకటి ఎక్కిస్తున్నారు. ఎంత ముచ్చటైన ఆచారమో అనుకుని, అక్కడే నిలబడి నోటుబుక్కులో రాసుకున్నాను: తొట్టెలకు ఒక్కో ఇంటి నుంచి ఒక్కో గిన్నె. అంతలో సమ్మయ్య వాకిలి నడుమ బగోనను దించి, గోనెసంచి తీసేశాడు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ల భాషలో ఎవరో ఏదో అన్నారు, ఎవరో ఊరుకోమన్నారు. అరుగు మీద మంచంలో ఒక కాలు చాపుకుని కూర్చుని, ఉయ్యాల తాడు లాగుతున్న పెద్దమనిషి చెయ్యి నిలిచిపోయింది. ఆయన కమ్లి భర్త హర్యా.

కమ్లికి యాభై దాటి ఉంటాయి. ఎండకు నల్లబడ్డ ముఖం, చేతులకు మోచేతుల దాకా గాజులు. బగోన చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అడుగున వేలు పెట్టి రుద్ది, వేలి మసి చూసుకుంది. నన్ను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. మసి పట్టిన వస్తువు తెచ్చానని నొచ్చుకున్నారేమో అని క్షమాపణ మొదలుపెట్టాను. చిన్న గిన్నెల ఆచారం తెలియక తెచ్చానన్నాను.

"గిది మా ఆచారం కాదు బిడ్డ" అంది. "ఠాణోళ్లు నేర్పిన ఆచారం."

తరవాత ఆమె చెప్పింది ఇక్కడ క్లుప్తంగా రాస్తాను. అన్నలు తిరిగే రోజుల్లో గస్తీ పోలీసులు ఇంట్లోకి వస్తే ముందు చూసేది పొయ్యి దగ్గరే. ఇంట్లో మనుషులెందరు, బగోన ఎంత. ఐదుగురున్న ఇంట్లో ముప్పై మందికి ఉడికే బగోన ఉంటే, అందులో మెతుకుల తడి ఉంటే, అన్నలకు వండినట్టే, ఇక చెప్పేదేమీ ఉండదు. తొమ్మిదేళ్ల కింద పత్తి ఏరే కూలీలకు వండిన పెద్ద బగోన కమ్లి వాకిట్లో బోర్లించి ఉంది. హర్యాను తీసుకుపోయారు. పన్నెండో రోజు వదిలిపెట్టారు, ఎడమకాలు మళ్లీ మడత పడలేదు. అంతటితో అయిపోలేదు. పక్షం తిరగకముందే రెండోవైపు వాళ్లు వచ్చి, ఎవరినీ వదలనివాళ్లు నిన్నెందుకు వదిలారు, ఏం చెప్పి బయటపడ్డావని అడిగారు. ఆ రాత్రి హర్యా ఏం జవాబిచ్చాడో ఆమె చెప్పలేదు. ఆ నెలలోనే తండావాళ్లంతా పెద్ద పాత్రలన్నీ భూపాలపల్లి సంతలో తూకానికి అమ్మేశారు. పెళ్లయినా, చావైనా, చిన్న గిన్నెలే. అప్పటికి పుట్టని పిల్లలకు ఇప్పుడది నిజంగానే ఆచారం.

ఆమె చెబుతుంటే నేను రాస్తున్నాను. కొంతసేపటికి ఆమె చూపు నా పెన్ను మీద పడింది. "రాసుకో బిడ్డ, రాయొద్దంట లేను. గని నా పేరు రాయకు" అంది. సరే అన్నాను. కాని మా పనిలో ఒక అలవాటు ఉంది. ఎవరిదైనా నోటిమాట రాసుకునేటప్పుడు పేజీ నెత్తిన ముందు తేదీ, ఊరు, పేరు, వయసు రాసి, గీత గీసి, తరవాతే మొదలుపెడతాం. పిల్లలకు అట్లాగే నేర్పుతాను. కమ్లి నోరు విప్పకముందే నేను ఆ పేజీ మీద కమ్లి పేరు, భర్త హర్యా పేరు, తండా పేరు రాసి గీత గీసేశాను. తరవాత కొట్టేద్దాంలే అనుకున్నాను. ఆమె ఎదుట కొట్టేస్తే ముందే రాశానని తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఎంత చిన్నదో, దాని వల్ల ఎంత జరగవచ్చో అప్పుడు తట్టలేదు.

బగోనను ఇంట్లో దాచుదామా అని అడిగాను. "దాస్తే దొంగతనం అయితది. నడి వాకిట్ల ఉండనీ. పోయేటప్పుడు నువ్వే తీస్కపో" అంది కమ్లి. 

ఐదు కావస్తుండగా ఎవరో వాళ్ల భాషలో ఒక్క ముక్క అన్నారు, గట్టిగా కూడా కాదు. వాకిలి అంతా ఒక్కసారి కదిలింది. ఆడవాళ్లు పరుగెత్తలేదు, అరవలేదు. పదకొండు పొయ్యిల దగ్గర పదకొండు మంది వచ్చి నిలబడ్డారు, ఒక్కో గిన్నెకు ఒక్కో మనిషి. ఏ గిన్నె ఎవరిదని అడిగితే చెప్పడానికి మనిషి ఉండాలి. వాకిలి మధ్య నా బగోన ఒక్కటే ఉంది. దాని పక్కన ఎవరూ నిలబడలేదు. మిరప చేను గట్టు మీంచి ఆకుపచ్చ దుస్తుల్లో ఎనిమిది మంది వస్తున్నారు, తుపాకులు నేలకు దించి, తీరుబడిగా. చెక్‌పోస్టులో బగోన మోగిన చప్పుడు విని వచ్చారా, రోజూ వచ్చే దారిలోనే వచ్చారా, నాకు తెలియదు.

నేను వెళ్లి బగోన పక్కన నిలబడ్డాను. ధైర్యమని అనుకోకండి. దాన్ని తెచ్చింది నేనే, అంతే.

ముందున్న ఎస్సైకి ముప్పై ఏళ్లుంటాయి, చదువుకున్నవాడిలా మర్యాదగా మాట్లాడాడు. ఇది ఎవరిదన్నాడు. నాదన్నాను. నేనెవరో, ఎక్కడి నుంచి వచ్చానో చెప్పి, తొట్టెలకు తెచ్చిన కానుకన్నాను. కాలేజీ గుర్తింపు కార్డు చూసి తిరిగి ఇచ్చాడు.

"కానుక అంటున్నారు. కొత్త బగోనకు మసి ఎట్లా వచ్చింది మేడం?"

వంటావార్పు గురించి చెప్పాను. నర్సంపేట అవతల రోడ్డు మీద వండారని, పోలీసులు కూడా తిన్నారని. అతను బగోనలోకి వంగి, అంచు మడత కింద వేలు తిప్పి, ఇరుక్కుపోయిన ఒక మెతుకు తీసి చూశాడు. వెనకున్న ఒకడు అరుగు మీద హర్యా దగ్గరికి నడిచి, చాచిన కాలు వైపు చూస్తూ, "నువ్వు పాతోనివే గద" అన్నాడు. ఉయ్యాలలో పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. హర్యా తాడు లాగలేదు.

సాక్షి ఉన్నాడని సమ్మయ్యను చూపించాను. బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటున్న సమ్మయ్య, భుజం మీద తువ్వాలు చేతుల్లోకి తీసుకుని, "నాకేం తెల్వది సార్. నేను డ్రైవర్ను" అన్నాడు. నా వైపు చూడలేదు. బండి కిస్తీల మీద నడుస్తోందని, ఇద్దరు పిల్లలున్నారని దారిలో తనే చెప్పాడు. నేను అతన్ని తప్పుపట్టలేను.

ఇక నా దగ్గర ఉన్నది నోటుబుక్కే. వంటావార్పు పేజీలో తేదీ, టైము, ఊరు, నా బగోనలో పోసిన బియ్యం, అవ్వ మాటలు, అన్నీ ఉన్నాయి. చూపిస్తే హర్యా మీదికి వస్తున్న అనుమానం అక్కడితో తెగిపోతుంది. కాని ఆ పేజీ తరవాతి ఆకు మీదే కమ్లి పేరు ఉంది. చూపించకపోతే బగోన, చూపిస్తే పేరు. కమ్లి వైపు చూశాను. ఆ సంగతి ఆమెకు తెలియదు, పేరు లేదనే అనుకుంటోంది. చూపించమన్నట్టు గడ్డం కదిపింది.

పేజీ తెరిచి నేనే చదివి వినిపిస్తానన్నాను. ఎస్సై చెయ్యి చాచాడు. ఇచ్చాను.

అతను నిదానంగా చదివాడు. అవ్వ కెమెరా పోలీసుతో అన్న మాట దగ్గర చిన్నగా నవ్వాడు. తరవాత ఆకు తిప్పాడు. మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియదు. తొమ్మిది దాకా వచ్చేసరికి నోటుబుక్కు మూసి నా చేతికిచ్చాడు.

"మీ రాత బాగుంది మేడం. గుండ్రంగా, తేలిగ్గా చదివేటట్టు ఉంది" అన్నాడు. "ఈ బగోనను ఇక్కడ ఉంచకండి." 

పోతూ పోతూ పొయ్యిల వరస మీదుగా ఒకసారి చూపు తిప్పాడు. అందరూ వెళ్లిపోయాక కూడా ఆడవాళ్లు చాలాసేపు తమ తమ గిన్నెల దగ్గర నుంచి కదల్లేదు.

కమ్లిని పక్కకు పిలిచి పేరు రాసిన సంగతి చెప్పాను. చెప్పకుండా వెళ్లిపోవచ్చు, ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. ఆమె నోటుబుక్కు వైపు చూసింది. 

"రాయొద్దన్నంక రాసినవా, అనక ముందే రాసినవా?" 

ముందే అన్నాను. ఆమె ఎదుటే ఆ పేజీ చింపబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. 

"చింపితే ఏమైతది? ఆయన కండ్లల్లకెళ్లి చింపుతవా?" 

ఆ మాట అని, లోపలికి వెళ్లి, పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "తిను. తొట్టెల ఇంటికెళ్లి ఆకలితోని పోవద్దు." తిన్నాను. పిల్లకు పేరు పెట్టేదాకా ఉండమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

ఎండ తగ్గుతుండగా బయల్దేరాం. బగోనను మళ్లీ సమ్మయ్యే మోశాడు. లాడ్జి దగ్గర దింపాక, తొమ్మిది వందల్లో రెండు వందలు వెనక్కిచ్చి, "గట్ల అన్నందుకు కోపం చెయ్యకు అక్క" అన్నాడు. తీసుకోలేదు. మర్నాడు కాళేశ్వరం వెళ్లి గోదావరి చూడాలనుకున్నాను. భూపాలపల్లి నుంచి అరవై కిలోమీటర్లు, పొద్దున ఏడింటికల్లా జీపులు దొరుకుతాయి, రెండు గంటల దారి. మీరు తప్పకుండా చూడండి. నేను మాత్రం పరకాల మీదుగా వెళ్లే మొదటి జీపు ఎక్కి జనగామ వచ్చేశాను.

నెల తరవాత రుక్మిణి ఫోన్ చేసింది. హర్యాను రెండుసార్లు ఠాణాకు పిలిచారట, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపించారట, చెయ్యి మాత్రం చేసుకోలేదట. నా వల్లనేనా అని అడిగాను. "ఏమో మేడం. బందులు గద, పాతోళ్లందర్ని పిలుస్తున్నరు" అంది. ఓదార్పుగా అందో, నిజంగానే అందో ఆమె గొంతును బట్టి తేల్చుకోలేకపోయాను. ఇది రాసేముందు రుక్మిణి చేత కమ్లిని అడిగించాను. బగోన ముచ్చట రాయమను, పేరు మాత్రం ఈసారన్నా ముందుగాల రాయొద్దను అని కబురొచ్చింది. అందుకే ఇందులో ఒక్క మనిషి పేరూ అసలుది కాదు, తండా దారి కూడా కొంచెం మార్చాను. 

బగోన మా వంటింటి అటక మీద ఉంది. ఎంత తోమినా అడుగున మసి పూర్తిగా పోలేదు. యుద్ధం జరిగిన చోటంటే బూడిద, గోడల మీద తూటాల గుంతలు ఉంటాయనుకునేదాన్ని. వందమందికి పదకొండు చిన్న గిన్నెల్లో వండుకుంటున్న వాకిలి కూడా యుద్ధం జరిగిన చోటేనని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు. అది తెలుసుకోవడానికి ఆ వాకిలి నాకు ఎంత ఇచ్చిందో, నేను దాని మీద ఎంత బరువు పెట్టి వచ్చానో తూచుకుంటూ ఉంటాను. అటువైపు వేడుకకు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: చీరో రవిక బట్టో పట్టుకెళ్లండి, పిలిచినవాళ్లు వద్దన్న వస్తువును మొహమాటమనుకుని మోసుకెళ్లకండి, నాలుగున్నరకల్లా తిరుగుదారి పట్టండి. 

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చింపలేదు, ఏ వ్యాసంలోనూ వాడుకోలేదు. చింపితే కమ్లి చెప్పింది ఎన్నడూ జరగనట్టే అవుతుంది, ఉంచితే రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. ఆ సాయంత్రం నోటుబుక్కు చేతికిచ్చి నేను హర్యాను కాపాడానా, పట్టించానా అన్నది రెండేళ్లయినా నేను తేల్చుకోలేకపోతున్నాను.